జట్టు ఓడుతుంటే కెప్టెన్ తప్పెంత?

ఒక జాతీయ జట్టు వరసగా రెండు మూడు సిరీస్‌లు ఓడితే చాలు, చర్చంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. కెప్టెన్ ఉండాలా, దిగిపోవాలా? చూడ్డానికి ఇది ఒకే ప్రశ్న. కానీ ఇందులో నాలుగు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. మైదానంలో అతను తీసుకున్న నిర్ణయాలు ఎలాంటివి? ఆటగాడిగా అతనికి తుది జట్టులో చోటు ఉందా? ఓటమికి అసలు కారణం అతని చేతిలో ఉన్నదేనా? అతన్ని తప్పిస్తే వచ్చేవాడు ఎవరు? ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరో ప్రశ్నకు అంటగట్టడంతోనే సగం గందరగోళం పుడుతుంది. బ్యాటుతో విఫలమైన కెప్టెన్‌ని వ్యూహం తెలియనివాడంటారు. వ్యూహంలో తప్పు చేసినవాణ్ణి, సెంచరీ కొట్టాడు కాబట్టి వదిలేస్తారు. అందుకే ఈ నాలుగింటినీ విడదీసి, జరిగిన మ్యాచ్‌ల ఆధారంగా ఒక్కొక్కటీ చూద్దాం.

## ముల్తాన్‌లో ఏం మారింది, ఏం మారలేదు

షాన్ మసూద్ 2023 నవంబరులో పాకిస్తాన్ టెస్టు కెప్టెన్ అయ్యాడు. ఆస్ట్రేలియాలో 0-3తో, ఆ తర్వాత సొంతగడ్డపై బంగ్లాదేశ్ చేతిలో 0-2తో సిరీస్‌లు పోయాయి. 2024 అక్టోబరు 7న ముల్తాన్‌లో ఇంగ్లండ్‌తో తొలి టెస్టు మొదలయ్యేసరికి, అతను సారథ్యం వహించిన ఐదు టెస్టుల్లోనూ ఓటమే. ఆ మ్యాచ్‌లో పాకిస్తాన్ 556 పరుగులు చేసింది, మసూద్ స్వయంగా 151 కొట్టాడు. జవాబుగా ఇంగ్లండ్ 7 వికెట్లకు 823 వద్ద డిక్లేర్ చేసింది, అంటే వికెట్లు మిగిలుండగానే ఇన్నింగ్స్ ముగించింది. హ్యారీ బ్రూక్ 317, జో రూట్ 262. రెండో ఇన్నింగ్స్‌లో 220కే కూలిన పాకిస్తాన్ ఇన్నింగ్స్ 47 పరుగుల తేడాతో ఓడింది. తొలి ఇన్నింగ్స్‌లో 500 దాటాక ఇన్నింగ్స్ తేడాతో ఓడిన జట్టు టెస్టు చరిత్రలో అదే మొదటిది. దీంతో మసూద్‌కి ఆరుకి ఆరు ఓటములు.

రెండో టెస్టు అక్టోబరు 15న మొదలైంది. బోర్డు కొత్త సెలక్షన్ కమిటీని వేసింది. బాబర్ ఆజమ్, షహీన్ అఫ్రిది, నసీం షాలను పక్కన పెట్టారు. స్పిన్నర్లు సాజిద్ ఖాన్, నోమన్ అలీ జట్టులోకి వచ్చారు. అంతకంటే పెద్ద మార్పు, కొత్త పిచ్ వేయలేదు. తొలి టెస్టు ఐదు రోజులు ఆడిన ఆ పిచ్‌నే తడిపి, రెండు వైపులా పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టి మళ్లీ వాడారు. ఒక రకంగా రెండో టెస్టు తొలి రోజే ఆ పిచ్‌కి ఆరో రోజు. బంతి మొదటి రోజు నుంచే తిరగడం మొదలైంది. ఇంగ్లండ్ కోల్పోయిన 20 వికెట్లనూ సాజిద్, నోమన్ ఇద్దరే పంచుకున్నారు. ఇద్దరు బౌలర్లే 20 వికెట్లూ తీయడం 1972 లార్డ్స్ టెస్టులో ఆస్ట్రేలియా బౌలర్లు మాసీ, లిల్లీల తర్వాత అదే మొదటిసారి. బాబర్ స్థానంలో వచ్చి, తన కెరీర్‌లో తొలి టెస్టు ఆడిన కమ్రాన్ గులాం 118 కొట్టాడు. పాకిస్తాన్ 152 పరుగులతో గెలిచింది. రావల్పిండిలో మూడో టెస్టుకీ అదే పద్ధతి, పిచ్‌ను ఫ్యాన్లతో, హీటర్లతో ఎండబెట్టారు. అక్కడ మసూద్ టాస్ ఓడినా 9 వికెట్లతో గెలిచి సిరీస్‌ను 2-1తో దక్కించుకున్నాడు. ఆ రెండు టెస్టుల్లో ఇంగ్లండ్ కోల్పోయిన 40 వికెట్లలో 39 సాజిద్, నోమన్‌లవే.

ఇలాంటి పోలిక క్రికెట్‌లో అరుదుగా దొరుకుతుంది. కెప్టెన్ అతనే, ప్రత్యర్థి అదే, మొదటి రెండు మ్యాచ్‌లకు పిచ్ స్థలం కూడా ఒకటే. మారింది పిచ్ స్వభావం, దానికి తగ్గ బౌలింగ్ దళం. ఈ రెండు మార్పులకూ మూలం బోర్డు, సెలక్టర్లు. జట్టు ఎంపికలో కెప్టెన్, కోచ్‌ల మాటకు అంతకుముందున్న విలువ కూడా అప్పుడు తగ్గించారు.

అలాగని ఈ చిట్కాతో రోగం నయమైందని అనుకోవడానికి లేదు. ఆ వెంటనే దక్షిణాఫ్రికాలో పాకిస్తాన్ 0-2తో ఓడింది. సెంచూరియన్‌లో 148 లక్ష్యాన్ని కాపాడుకుంటూ ప్రత్యర్థిని 99కి 8 వికెట్ల దాకా తెచ్చి కూడా గెలవలేకపోయింది. 2025 జనవరిలో మళ్లీ ముల్తాన్‌లోనే వెస్టిండీస్‌తో సిరీస్ 1-1గా ముగిసింది. తిరిగే పిచ్ మీద ఎదుటి జట్టు స్పిన్నర్లకూ అవే వికెట్లు దొరుకుతాయి.

## కెప్టెన్ చేతిలో ఉండేవి, ఉండనివి

పర్యటనకు లేదా సిరీస్‌కు ఆటగాళ్ల బృందాన్ని ఎంచుకునేది సెలక్టర్లు. అందులోంచి 11 మందిని తేల్చేది మామూలుగా కెప్టెన్, కోచ్ కలిసి. సొంతగడ్డపై ఎలాంటి పిచ్ కావాలో జట్టు యాజమాన్యం చెబుతుంది, తయారుచేసేది మైదానం చూసుకునే క్యూరేటర్. దేశవాళీ క్రికెట్ నుంచి ఎలాంటి బౌలర్లు వస్తున్నారు, గాయాల నుంచి ఎవరు కోలుకున్నారు, సిరీస్‌కీ సిరీస్‌కీ మధ్య ఎన్ని రోజులున్నాయి అనేవి కెప్టెన్ పరిధిలోకి రావు.

టాస్ పడ్డాక అతని పని మొదలవుతుంది. బ్యాటింగా బౌలింగా. ఎవరి చేత ఏ ఎండ్ నుంచి ఎన్ని ఓవర్లు వేయించాలి. స్లిప్‌లో ఇద్దరా ముగ్గురా. టెస్టులో 80 ఓవర్లయ్యాక కొత్త బంతి అందుబాటులోకి వస్తుంది, దాన్ని వెంటనే తీసుకోవాలా, పాత బంతితోనే స్పిన్నర్లను కొనసాగించాలా. అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేయడానికి 15 సెకన్లే ఉంటాయి, టెస్టు ఇన్నింగ్స్‌కు విఫలమైన రివ్యూలు మూడు దాటకూడదు. తొలి ఇన్నింగ్స్‌లో 200 పరుగుల ఆధిక్యం వస్తే ప్రత్యర్థిని వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దించి ఫాలోఆన్ ఆడించాలా వద్దా. ఎప్పుడు డిక్లేర్ చేయాలి. రోజు ఆట మొదలయ్యే ముందు పిచ్ మీద బరువు రోలర్ తిప్పించాలా తేలిక రోలరా అన్నది కూడా బ్యాటింగ్ జట్టు కెప్టెన్ ఇష్టమే, దానికి ఏడు నిమిషాలు మించనివ్వరు.

వీటిలో కెప్టెన్ వాటాను అంకెల్లో సూటిగా చూపించేది ఓవర్ రేటు. టెస్టుల్లో గంటకు 15 ఓవర్లు వేయాలి. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో తక్కువ పడిన ప్రతి ఓవర్‌కూ ఒక పాయింట్ కోత, మ్యాచ్ ఫీజులోనూ జరిమానా. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య 2023 యాషెస్ సిరీస్ 2-2తో ముగిసింది. రెండు గెలుపులకు 24, ఒక డ్రాకు 4 చొప్పున ఇరుజట్లకూ 28 పాయింట్లు వచ్చాయి. ఓవర్ రేటు కోతలో ఇంగ్లండ్ 19, ఆస్ట్రేలియా 10 పోగొట్టుకున్నాయి. చివరికి ఇంగ్లండ్‌కు మిగిలింది 9, ఆస్ట్రేలియాకు 18. ఒక టెస్టు గెలిస్తే వచ్చేది 12 పాయింట్లు, కాబట్టి ఒకటిన్నర గెలుపుకు సమానమైన ఫలితాన్ని ఇంగ్లండ్ ఓవర్ల మధ్య ఆలస్యంతోనే వదులుకుంది. సారథ్యం మీద చర్చల్లో ఈ లెక్క దాదాపు ఎప్పుడూ వినిపించదు. వినిపించాల్సిన వాటిలో ఇది మొదటిది.

## రావల్పిండిలో రెండు డిక్లరేషన్లు

నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఫలితాన్ని బట్టి చెప్పేయడం చాలా తేలిక. అందులోని చిక్కు ఒకే మైదానంలో జరిగిన రెండు మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది.

2022 డిసెంబరు. ఇంగ్లండ్ తొలి రోజే 4 వికెట్లకు 506 కొట్టి 657 చేసింది. పాకిస్తాన్ 579తో బదులిచ్చింది. బౌలర్లకు ఏ మాత్రం సాయపడని పిచ్ అది. మామూలు కెప్టెన్ అయితే నాలుగో రోజంతా బ్యాటింగ్ చేసి డ్రాతో సరిపెట్టుకునేవాడు. ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ 7 వికెట్లకు 264 వద్ద ఆపేసి 343 లక్ష్యం పెట్టాడు. అందనంత ఎత్తులో పెట్టి ఉంటే పాకిస్తాన్ తలుపులు వేసుకుని వికెట్లు కాపాడుకునేది. అందేలా పెట్టాడు కాబట్టి షాట్లు ఆడింది, ఆడిన కొద్దీ అవకాశాలు పుట్టాయి. పాత బంతితో రివర్స్ స్వింగ్ రాబట్టిన ఆండర్సన్, రాబిన్సన్ చెరి నాలుగు వికెట్లు తీశారు. వెలుతురు తగ్గిపోతుండగా జాక్ లీచ్ చివరి వికెట్ పడగొట్టాడు. పాకిస్తాన్ 268 ఆలౌట్, ఇంగ్లండ్ 74 పరుగులతో గెలిచింది.

2024 ఆగస్టు. బంగ్లాదేశ్‌పై మసూద్ రెండో రోజు సాయంత్రం 6 వికెట్లకు 448 వద్ద డిక్లేర్ చేశాడు. అప్పటికి రిజ్వాన్ 171తో క్రీజులో ఉన్నాడు. అలసిన ఓపెనర్లను కొత్త బంతితో పడగొట్టాలన్నది ఆలోచన. వికెట్ పడలేదు. ముష్ఫికర్ రహీం 191 కొట్టగా బంగ్లాదేశ్ 565 చేసి 117 ఆధిక్యం సాధించింది. చివరి రోజు పాకిస్తాన్ 146కే కూలింది. బంగ్లాదేశ్ 10 వికెట్లతో గెలిచింది.

విమర్శకుల వాదన ఇది: ఇంకో 100 పరుగులు చేసి ఉంటే బంగ్లాదేశ్ ఆధిక్యం 17కి తగ్గేది, పాతిక ఓవర్లు ఖర్చయ్యేవి, మ్యాచ్ డ్రా అయ్యేది. ఈ లెక్కలో తప్పు లేదు. సమర్థించేవాళ్ల మాట ఇంకోటి: 448 చేసిన జట్టు ఓడడం అరుదు, ఆ సాయంత్రం తెలిసిన సమాచారంతో అది గెలుపు కోసం వేసిన అడుగు. ఇదీ నిజమే. నా అంచనాలో అసలు తప్పు డిక్లరేషన్‌కు ముందే జరిగింది. ఆ టెస్టుకు పాకిస్తాన్ స్పెషలిస్టు స్పిన్నర్ లేకుండా నలుగురు పేసర్లతో దిగింది. పిచ్ నెమ్మదించాక పేసర్లకు బంతి కదల్లేదు, పరుగుల ప్రవాహాన్ని ఆపే స్పిన్నర్ చేతిలో లేడు. స్టోక్స్‌ది సాహసమని, మసూద్‌ది తొందరపాటని పేరొచ్చింది. రెండు డిక్లరేషన్ల వెనక ఆలోచన మాత్రం ఒకటే. తేడా ఆ ఆలోచనకు తగ్గ బౌలర్లు జట్టులో ఉన్నారా లేదా అన్న దగ్గరే ఉంది.

## టాస్ తప్పు ఎంత ఖరీదు

కెప్టెన్ తప్పు సూటిగా కనపడే సందర్భాలూ లేకపోలేదు. 2024 అక్టోబరులో బెంగళూరులో న్యూజిలాండ్‌తో తొలి టెస్టు మొదటి రోజు వానకు కొట్టుకుపోయింది. పిచ్ గంటల తరబడి కవర్ల కింద ఉంది. మర్నాడు ఆకాశం మబ్బు పట్టే ఉంది. టాస్ గెలిచిన రోహిత్ శర్మ బ్యాటింగ్ ఎంచుకున్నాడు. తుది జట్టులో ముగ్గురు స్పిన్నర్లు. మాట్ హెన్రీ 15 పరుగులకు 5, ఓరూర్క్ 22కి 4 వికెట్లు తీయగా భారత్ 46కి ఆలౌటైంది. ఐదుగురు డకౌట్. సొంతగడ్డపై భారత్‌కి అదే అత్యల్ప స్కోరు. పిచ్‌ను సరిగా చదవలేకపోయానని రోహిత్ ఆ రోజే ఒప్పుకున్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో 462 చేసినా 8 వికెట్ల ఓటమి తప్పలేదు. ఈ ఓటమిలో కెప్టెన్ వాటా పెద్దదే.

మిగతా రెండు టెస్టులకు ఈ వివరణ సరిపోదు. పుణెలో, ముంబయిలో టాస్ న్యూజిలాండ్ గెలిచింది. రెండు చోట్లా బంతి బాగా తిరిగింది. పుణెలో సాంట్నర్ 13 వికెట్లు, ముంబయిలో అజాజ్ పటేల్ 11 తీశారు. ముంబయిలో 147 లక్ష్యం ముందుంటే భారత్ 121కే ఆగిపోయింది. మూడు అంతకుమించి టెస్టులున్న సిరీస్‌లో సొంతగడ్డపై భారత్ అన్ని మ్యాచ్‌లూ ఓడి వైట్‌వాష్ కావడం అదే మొదటిసారి. ఇక్కడ ప్రశ్న టాస్ గురించి కాదు. మామూలు పిచ్ మీద అశ్విన్, జడేజాలకూ విదేశీ స్పిన్నర్లకూ మధ్య తేడా చాలా ఉండేది. బంతి మొదటి గంట నుంచే తిరిగే పిచ్ మీద ఆ తేడా కరిగిపోతుంది. పైగా స్పిన్‌ను ఎదుర్కోవడంలో భారత బ్యాటర్ల పట్టు సడలింది.

దీనికి రుజువు ఏడాది తర్వాత దొరికింది. రోహిత్ 2025 మే 7న టెస్టులకు వీడ్కోలు చెప్పాడు, శుభ్‌మన్ గిల్ కెప్టెన్ అయ్యాడు. నవంబరులో దక్షిణాఫ్రికా వచ్చింది. కోల్‌కతాలో మళ్లీ తిరిగే పిచ్. తాము అడిగిన పిచ్ ఇదేనని కోచ్ గంభీర్ చెప్పాడు. 124 లక్ష్యం, భారత్ 93 ఆలౌట్. మెడ పట్టేసి గిల్ మూడు బంతులాడి వెళ్లిపోయాడు, గువాహటిలో పంత్ సారథ్యం వహించాడు. అక్కడ ఓటమి 408 పరుగులతో. కెప్టెన్ మారి, ఇంకో కెప్టెన్ మారినా సొంతగడ్డపై 0-3 తర్వాత 0-2 వచ్చింది.

## గెలుపు శాతం ఎందుకు మోసం చేస్తుంది

కెప్టెన్లను పోల్చేటప్పుడు అందరూ ముందుగా తీసేది గెలుపు శాతం. అది ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. మొదటి కెప్టెన్ 15 టెస్టులు సొంతగడ్డపై ఆడి 9 గెలిచాడు, విదేశాల్లో 5 ఆడి 1 గెలిచాడు. మొత్తం 20లో 10, అంటే 50 శాతం. రెండో కెప్టెన్ సొంతగడ్డపై 5 ఆడి 4 గెలిచాడు, విదేశాల్లో 15 ఆడి 5 గెలిచాడు. మొత్తం 20లో 9, అంటే 45 శాతం. మొత్తం చూస్తే మొదటివాడు మెరుగు. విడదీస్తే సొంతగడ్డపై 60కి 80, విదేశాల్లో 20కి 33, రెండు చోట్లా రెండోవాడే మెరుగు. షెడ్యూల్ ఒక్కటే అంకెల్ని తలకిందులు చేసింది.

ప్రత్యర్థి బలమూ అలాంటిదే. ఇయాన్ బోథమ్ 12 టెస్టులకు ఇంగ్లండ్ కెప్టెన్‌గా ఉండి ఒక్కటీ గెలవలేదు. ఆ 12లో 9 అప్పటి మేటి జట్టు వెస్టిండీస్‌తో ఆడినవి.

రోహిత్ లెక్కలోనూ ఇదే కనిపిస్తుంది. అతను 24 టెస్టులకు సారథి. మొదటి 18లో 12 గెలుపులు, 4 ఓటములు, 2 డ్రాలు. చివరి 6లో గెలుపు లేదు, 5 ఓటములు, ఒక డ్రా. 18 టెస్టులు నడిపిన మనిషి మరో మూడు నెలల్లో సారథ్యం మర్చిపోయాడని ఎవరూ అనరు. ఆ కొద్ది కాలంలో మారింది అతని బ్యాటింగ్, మిడిలార్డర్ బ్యాటింగ్, పిచ్‌లు, ప్రత్యర్థులు.

## ఆటగాడిగా చోటు లేని కెప్టెన్

ఇది వేరే ప్రశ్న, దీన్ని వేరుగానే చూడాలి. న్యూజిలాండ్ సిరీస్‌లో రోహిత్ ఆరు ఇన్నింగ్స్‌లో 91 పరుగులు చేశాడు. ఆ వెంటనే ఆస్ట్రేలియాలో ఐదు ఇన్నింగ్స్‌లో 31. చివరికి సిడ్నీ టెస్టుకు తనే పక్కకు తప్పుకున్నాడు, బుమ్రా జట్టును నడిపించాడు. అక్కడ రోహిత్ జట్టులో చోటు కోల్పోయింది వ్యూహంలో పరీక్ష తప్పినందుకు కాదు, బ్యాటర్‌గా నిలవనందుకు.

దీనికి ఎదురు ఉదాహరణ మైక్ బ్రియర్లీ. 39 టెస్టుల్లో ఒక్క సెంచరీ లేదు, సగటు 22.88. ఆ బ్యాటింగ్‌తో ఇంకెవరికీ ఇంగ్లండ్ జట్టులో అన్నాళ్లు చోటుండేది కాదు. కానీ 31 టెస్టులకు సారథ్యం వహించి 18 గెలిచాడు, 4 మాత్రమే ఓడాడు. అంటే ఒక బ్యాటర్ చోటు వదులుకుని కెప్టెన్‌ని కొనుక్కోవచ్చన్నది ఆనాటి వాదన. ఈనాడు అది నిలవడం కష్టం. ఫీల్డింగ్ ప్రణాళికలు, బౌలర్ల ఓవర్ల లెక్క, ప్రత్యర్థి బ్యాటర్ల బలహీనతల వీడియోలు ఇప్పుడు కోచింగ్ సిబ్బంది తయారుచేసి ఇస్తారు. కెప్టెన్ ఒక్కడి బుర్రకే ఉన్న విలువ కొంత తగ్గింది.

మూడో రకం జో రూట్. 2021లో 1,708 టెస్టు పరుగులు చేశాడు, అదే ఏడాది ఇంగ్లండ్ 9 టెస్టులు ఓడింది. చివరి 17 టెస్టుల్లో ఒకే గెలుపుతో 2022 ఏప్రిల్‌లో తప్పుకున్నాడు. బ్యాటుతో నిలబడ్డ కెప్టెన్‌ని ఫలితాలు దింపేశాయి.

## మార్చితే మారుతుందా

మార్చాలనేవాళ్లకు దొరికే గొప్ప ఉదాహరణ 1981. లార్డ్స్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ డకౌటైన బోథమ్ సారథ్యం వదిలేశాడు. బ్రియర్లీ తిరిగొచ్చాడు. హెడింగ్లీలో ఫాలోఆన్ ఆడుతూ బోథమ్ 149 నాటౌట్. ఆస్ట్రేలియాకు లక్ష్యం 130. స్కోరు 56కి ఒకే వికెట్. బాబ్ విల్లిస్ ఎండ్ మార్చి, గాలి వాలున పరిగెత్తే వైపు నుంచి వేశాడు. 43 పరుగులకు 8 వికెట్లు తీశాడు, ఆస్ట్రేలియా 111 ఆలౌట్. ఇంగ్లండ్ సిరీస్‌ను 3-1తో గెలిచింది. భారం దిగగానే బోథమ్ పాత బోథమ్ అయ్యాడు. సారథ్యం మార్పు ఒక ఆటగాడిని తిరిగి ఇవ్వగలదని చెప్పే గట్టి సాక్ష్యం ఇది.

2022 ఇంగ్లండ్ కథ అంత సూటి కాదు. స్టోక్స్ వచ్చాక 11 టెస్టుల్లో 10 గెలిచారు. కానీ కెప్టెన్‌తో పాటే మేనేజింగ్ డైరెక్టర్‌గా రాబ్ కీ, కోచ్‌గా మెకల్లమ్ వచ్చారు. వెస్టిండీస్ పర్యటనకు పక్కన పెట్టిన ఆండర్సన్, బ్రాడ్ తిరిగొచ్చారు. మొదటి ఏడు టెస్టులూ ఇంగ్లండ్‌లోనే. ఇన్ని ఒకేసారి మారినప్పుడు ఏది ఎంత పనిచేసిందో తేల్చలేం. పైగా కెప్టెన్‌ని తప్పించేది ఎక్కువగా జట్టు అట్టడుగుకు చేరినప్పుడే. అట్టడుగున ఉన్న జట్టు ఎవరున్నా కొంత పైకి వస్తుంది, ఆ ఖ్యాతి కొత్త కెప్టెన్ ఖాతాలో పడుతుంది.

మార్చకూడదనేవాళ్లకు ధోనీ ఉన్నాడు. 2011లో ఇంగ్లండ్‌లో 0-4, వెంటనే ఆస్ట్రేలియాలో 0-4, 2012లో సొంతగడ్డపై ఇంగ్లండ్ చేతిలో 1-2. ఆస్ట్రేలియాలో ఓటముల సమయంలో అతన్ని వన్డే సారథ్యం నుంచి తప్పించాలని సెలక్టర్లు అనుకున్నారని, బోర్డు అధ్యక్షుడు ఎన్.శ్రీనివాసన్ అడ్డుకున్నారని తర్వాత బయటపడింది. 2013లో అదే ధోనీ ఆస్ట్రేలియాను 4-0తో ఓడించాడు, చెన్నైలో 224 కొట్టాడు. అదే ఏడాది చాంపియన్స్ ట్రోఫీ గెలిచాడు. అయితే ఈ కథకు రెండో సగం కూడా ఉంది. ఆ తర్వాత దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో ఆడిన నాలుగు టెస్టు సిరీస్‌లూ భారత్ ఓడింది. 2014 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టు ముగియగానే ధోనీ టెస్టులు వదిలేశాడు. ఉంచడం వన్డేలకు మేలు చేసింది, విదేశీ టెస్టుల సమస్యను అలాగే ఉంచింది.

తరచూ మార్చడం ఎలా ఉంటుందో పాకిస్తాన్ చూపించింది. వన్డే ప్రపంచకప్‌లో 9 మ్యాచ్‌ల్లో 4 గెలుపుల తర్వాత 2023 నవంబరులో బాబర్ మూడు ఫార్మాట్లకూ రాజీనామా చేశాడు. టీ20లకు షహీన్ వచ్చి న్యూజిలాండ్‌లో ఒకే సిరీస్ ఆడాడు, 1-4. మళ్లీ బాబర్. టీ20 ప్రపంచకప్‌లో డాలస్‌లో అమెరికా చేతిలో సూపర్ ఓవర్ ఓటమి, గ్రూప్ దశలోనే ఇంటికి. అక్టోబరులో బాబర్ రెండోసారి తప్పుకున్నాడు. రిజ్వాన్ వచ్చాడు. 2025 మార్చిలో టీ20లు సల్మాన్ ఆఘాకు, అక్టోబరులో వన్డేలు షహీన్‌కు వెళ్లాయి. ఒక సిరీస్ ఓడితే పదవి పోతుందని తెలిసిన కెప్టెన్ కొత్త కుర్రాడికి అవకాశమిచ్చి రెండేళ్లు ఎదురుచూడడు. పేరున్నవాణ్ణే ఆడిస్తాడు, ఓటమిని వాయిదా వేసే ఫీల్డింగ్ పెడతాడు. దీనివల్ల జరిగే నష్టం వెంటనే స్కోరుబోర్డు మీద కనపడదు.

## ఎవర్ని, ఎప్పుడు

తప్పించాలని తేలాక మిగిలేది కష్టమైన పని. 2025లో భారత సెలక్టర్ల ముందున్న మొదటి పేరు బుమ్రా. పెర్త్‌లో అతని సారథ్యంలో 295 పరుగుల గెలుపు వచ్చింది, ఆ సిరీస్‌లో 32 వికెట్లు తీశాడు. కానీ సిడ్నీలో వెన్ను పట్టేసి రెండో ఇన్నింగ్స్‌లో బంతే వేయలేకపోయాడు. ఐదు టెస్టులూ ఆడలేని బౌలర్‌కు పగ్గాలిస్తే సిరీస్ మధ్యలో రెండుసార్లు కెప్టెన్‌ని మార్చాలి. ఇంగ్లండ్‌లో అతను మూడే ఆడాడు. అందుకే 25 ఏళ్ల గిల్ వైపు మొగ్గారు. సమయం కూడా కలిసొచ్చింది, 2025-27 ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ అప్పుడే మొదలవుతోంది. గిల్ ఆ ఇంగ్లండ్ సిరీస్‌లో 754 పరుగులు చేశాడు, ఫలితం 2-2.

సిరీస్ మధ్యలో మార్పు అన్నిటికంటే కష్టం. 1958-59లో వెస్టిండీస్‌తో ఐదు టెస్టులకు భారత్ నలుగురు కెప్టెన్లను వాడింది: ఉమ్రిగర్, హైదరాబాదీ గులాం అహ్మద్, మన్కడ్, అధికారి. 0-3తో ఓడింది. 1988లో ఇంగ్లండ్‌దీ అదే పరిస్థితి. వెస్టిండీస్‌తో తొలి టెస్టు డ్రా చేసిన గాటింగ్‌ను మైదానం బయటి వివాదంతో తప్పించారు. ఎంబురీ రెండు టెస్టులు నడిపి రెండూ ఓడాడు. నాలుగో టెస్టుకు, ఇంగ్లండ్ దేశవాళీ కౌంటీ పోటీల్లో కెంట్ జట్టును ముందువరసలో నిలిపిన క్రిస్ కౌడ్రీని పిలిచారు. అంతకుముందు అతను ఆడిన టెస్టులు ఐదే. హెడింగ్లీలో ఓడాక గాయంతో ఓవల్ టెస్టుకు దూరమయ్యాడు. ఆ మ్యాచ్‌కు గూచ్ సారథి. కౌడ్రీ ఆ తర్వాత ఇంగ్లండ్‌కు మళ్లీ టెస్టు ఆడలేదు.